మొదటి చిమ్మిలి ఉండ

అక్కా,

ఇరవై ఏళ్లకి నేనూ పెద్దమనిషినయ్యాను. డాక్టరిచ్చిన హార్మోన్ మాత్రలతోనే అనుకో. నెలనెలా రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా మనిద్దరికీ పుట్టుకతోనే వచ్చింది. ఎక్కించుకున్న రక్తంలోని ఇనుము నాకు గ్రంథుల్లో పేరుకుని ఎదుగుదల ఆపేసింది, నీకు గుండెలో పేరుకుని నిన్ను తీసుకుపోయింది. నువ్వు మాత్రం ఏ మాత్రలూ లేకుండానే పద్నాలుగేళ్లకి పట్టులంగా కట్టుకుని పీట మీద కూర్చున్నావు. ఘాజియాబాద్‌లో ఉన్న తెలుగు ఆంటీలందరూ వచ్చి హారతిచ్చారు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

పొద్దున అమ్మ నాకోసం నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసింది. చెయ్యి చాపాను.

"ఆగవే, ముందు అక్కకి పెట్టనీ," అంది.

మొదటి ఉండ నీ ఫోటో ముందు పెట్టింది. ఇవాళ కూడా నువ్వే ముందు!

అమ్మ అటు తిరగగానే దాన్ని తీసి నోట్లో వేసుకున్నాను. ఇదివరకైతే నా జుట్టు పట్టుకుని లాగేదానివి.

నీ ఫోటోకి వీపు తిప్పి, జడ నీకందేలా కాసేపు అక్కడే నిలబడ్డాను.