కొండ దిగుతుంటే వెనక వినిపించిన కొమ్మ

ఆదివారం, రాత్రి

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. నిద్ర పడితేగా!

పొద్దున నేనూ, మా బావమరిది సత్యమూ మారేడుమిల్లి కొండదారిలో సైకిళ్ల మీద దిగాం. ఆ దిగుడులో బ్రేకుల్ని నమ్మడం పెళ్లిళ్ల పేరయ్యను నమ్మడమే. అందుకే వేగం తగ్గేలా సైకిళ్ల వెనక చెరో చెట్టుకొమ్మ కట్టి ఈడ్చుకొచ్చాం. సగం దారిలో నా కొమ్మ ఊడిపోయింది. వెనక ఈడ్పు చప్పుడు మాత్రం ఆగలేదు. సత్యమే కదా అని, వాడికి పాత కబుర్లు చెబుతూ దిగాను.

తీరా చూస్తే వాడు కింద టీ కొట్టులో కూర్చుని ఉన్నాడు.

“ఎవరితోనండి బావగారూ, ఆ కబుర్లు? నేను అడ్డదారిన ఎప్పుడో వచ్చేశాను కదండీ!”

అంతలో చప్పుడు పై మలుపు దాకా వచ్చి ఆగింది.

“ఎవరైనా పడిపోయారేమోనండి!”

పరిగెత్తుకెళ్లి చూశాం. ఎవరూ లేరు. దుమ్ములో నా చక్రాల జాడ ఒక్కటే ఉంది.

తిరిగొచ్చాక సత్యం మూడు టీలు చెప్పాడు. మూడోది చల్లారేదాకా కూర్చుని వచ్చేశాం.