కమోడ్ కింద తడి

జులై 3, బుధవారం

మళ్ళీ తడి. పొద్దున కమోడ్ చుట్టూ పాత పేపరు పరిచి చూశాను. వెనక వైపు నానిపోయింది. కంపు మంచం దాకా వస్తోంది. ఢిల్లీరావు పెట్టిన వైట్ సిమెంట్ అప్పుడే నెర్రెలిచ్చింది. ప్లంబరునని చెప్పుకుంటాడు మళ్ళీ.

ఫోన్ చేస్తే, ఏటక్కా, కొత్తలో అలగే ఉంటాది, సర్దుకుంటాదిలే అన్నాడు. సర్దుకోవడానికి అదేమన్నా కొత్త కోడలా?

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఈయన చేతిలో చేసిన ఫిస్టులా రెండోసారి కూడా మూసుకుపోయింది. మెడలో పెట్టిన పైపుతో ఎక్కువ రోజులు నెట్టలేమని డాక్టరు చెప్పేశారు. ఇంక మిగిలింది ఒక్కటే, ఇంట్లోనే కడుపులోకి మందునీళ్ళు ఎక్కించి తీసే డయాలసిస్. దానికి శుభ్రమైన గది ఉండాలి. తడీ కంపూ ఉంటే కడుపులో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. పదిహేనో తారీఖున నర్సు ఇల్లు చూడటానికి వస్తానంది. మా ఇంట్లో తలుపు సరిగ్గా పడే గది ఇదొక్కటే. దీనికి ఆనుకునే ఈ బాత్రూమ్.

ఈయన కింద కూర్చోలేకపోతున్నారని, శుభ్రంగా ఉన్న లెట్రిన్ పీకించి కమోడ్ వేయించాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

జులై 5, శుక్రవారం

ఢిల్లీరావు వచ్చి ఎం-సీల్ పిసికి చుట్టూ అంటించి పోయాడు. ఈయన కూర్చోగానే కమోడ్ ఊగింది, ఎం-సీల్ టక్కున విరిగింది.

యూట్యూబ్‌లో చూశాను. కమోడ్ కింద, పైపు మూతి మీద ఫ్లాంజ్ అని ఒక చక్రం ఉండాలట. దాన్ని నేలకి బిగించి, దాని మీద కమోడ్ దింపాలట. అది వేశావా అని అడిగితే, మన కవిటిలో ఫ్లాంజులు ఎవుడేత్తాడక్కా, సిమెంటుతోనే అతికిత్తాం అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఈయన నిన్నటి నుంచి గంజి తప్ప ఏమీ ముట్టడం లేదు. ఆకలి లేదంటారు. అబద్ధం. తినకపోతే బాత్రూమ్ పని తగ్గుతుందని.

జులై 6, శనివారం

అరిచాను. ఏడ్చాను. తిన్నారు.

జులై 8, సోమవారం

డయాలసిస్‌కి పలాస వెళ్ళాం. ఈయన్ని లోపల పడుకోబెట్టి హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగాను. ఫ్లాంజ్ అంటే ఒకాయన కుళాయి చూపించాడు. టెక్కలిలో కూడా లేదట. చివరి షాపాయన వైజాగ్ నుంచి బస్సు పార్సిల్లో తెప్పిస్తానన్నాడు. ఎప్పటికి వస్తుందంటే, ఒచ్చినప్పుడు ఒత్తాదమ్మా అన్నాడు.

ప్రభువా, నిన్ను నేను పెద్ద అద్భుతాలేమీ అడగలేదు. సముద్రం చీల్చమనలేదు. ఒక ప్లాస్టిక్ చక్రం పంపమన్నాను.

జులై 12, శుక్రవారం, సాయంత్రం

ఫ్లాంజ్ నిన్న వచ్చింది. కమోడ్ ఎత్తడానికి మనిషి లేడు. ఈయన వల్ల కాదు.

పక్కింటి పావనితో తుఫానప్పటి నుంచి మాటల్లేవు. వాళ్ళ కొబ్బరిచెట్టు మా రేకుల మీద పడింది. అప్పుడు నేనన్న మాటలు తక్కువేం కాదు. సిగ్గు చంపుకుని ఈ పొద్దున వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను. ఏటి మిరియమ్మొదినా, అన్నియ్యకి బాగానేదేటి అంటూ తనే ఎదురొచ్చింది. విషయం చెప్పగానే కొంగు దోపుకుని వచ్చేసింది.

ఇద్దరం కలిసి ఎత్తి పక్కన పెట్టాం. కింద చూస్తే ఒళ్ళు మండిపోయింది. పైపు మూతి టైల్ కన్నా నాలుగు వేళ్ళ కిందే ఆగిపోయింది. కమోడ్ దాన్ని అందుకోనే లేదు. మధ్యలో ఖాళీని సిమెంటు ముద్దలతో కప్పెట్టాడు ఆ మహానుభావుడు.

సిమెంటంతా చెక్కి తీశాను. కప్లర్ పెట్టి పైపు ముక్క అతికించి టైల్ దాకా తెచ్చాను. ఫ్లాంజ్ నేలకి మరలు వేసి బిగించాను. రబ్బరు రింగు పెట్టి, కమోడ్‌ని తిప్పకుండా నిటారుగా దింపాం. ఊపి చూశాను. కదల్లేదు.

చుట్టూ సిలికాన్ పూసి, వెనక మాత్రం చిన్న సందు వదిలాను. అదెందుకు ఒగ్గీసినావు అని పావని అడిగింది. మళ్ళీ కారితే లోపల దాక్కోకుండా బయటపడాలి కదా, అప్పుడే బాగుచేసుకోవచ్చు అన్నాను. పావని వేలితో ఆ సందు తడిమి చూసింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంది. కాళ్ళకి మెట్టెలు లేవు. ఏవే అంటే, ఏళ్ళకి బిగుసుకుపోతన్నాయొదినా, తీసీసినాను అంది.

సిలికాన్ రేపటి దాకా ఆరాలి. ఈయన్ని వాళ్ళ బాత్రూమ్‌కే తీసుకెళ్ళాను. కింద కూర్చోలేరు కదా ఎలా అనుకుంటుంటే, పావని మధ్యలో కోసిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి లెట్రిన్ మీద వేసింది. అప్పటికప్పుడు కోసింది కాదు. అంచులు అరిగి ఉన్నాయి. వాళ్ళింట్లో ముసలివాళ్ళెవరూ లేరు. నాకు అడగబుద్ధి కాలేదు.

జులై 15, సోమవారం

పేపరు పొడిగా ఉంది. కరకరలాడుతోంది.

నర్సు వచ్చింది. మంచం చూసింది, కిటికీ చూసింది, బాత్రూమ్‌లో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. బాగుందమ్మా, ఇక్కడే సేసుకోవచ్చు, కడుపులో పైపు వేసే ఆపరేషన్‌కి డేట్ తీసుకోండి అంది.

ఈయన రాత్రి అన్నంలోకి చారు రెండోసారి అడిగారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆగస్టు 20, మంగళవారం

పావని వాళ్ళింట్లో కమోడ్ దింపాం. ఫ్లాంజ్ ముందే వేశాను.

ఈయనలాగే తనకీ కిడ్నీలేనని రిపోర్టు వచ్చి ఆర్నెల్లయిందట. మొగుడికి కూడా మొన్నటి దాకా చెప్పలేదట.

సిలికాన్ పూస్తూ, వెనక సందు వదలనా అని అడిగాను. ఒగ్గీ వొదినా, ఇంక దాసీది ఏటుంది అంది.