ఫోన్ ఎందుకు తిప్పలేదంటే

ఒసేయ్ పొడుగూ,

ఆదివారం నువ్వు "ఫోన్ అటు తిప్పవే, మీ ఇల్లంతా చూస్తాను" అనగానే లైన్ పోయింది కదా. పోలేదు, నేనే కట్ చేశాను. ఉత్తరంలో అయితే గోడలు కనిపించవు కాబట్టి రాస్తున్నాను.

ఈ దేశం వచ్చిన మూడేళ్ళుగా నీకు చూపిస్తున్నది మా ఇల్లు కాదు, మా ఒంటిగదిలో ఒక మూల. ఆ ఒక్క గోడకే రంగు వేశాం. పూలకుండీ ఇంటి ఓనరమ్మది, ఆదివారం గంటసేపు అడిగి తెచ్చుకుంటాం. ఫోన్‌కి వెనకవైపు రెండు మంచాలు, స్టవ్వు, తాడు మీద ఆరేసిన బట్టలు. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో ఠీవిగా కూర్చుంటారు చూడు, కింద చిరిగిన నిక్కరే.

నవ్వింది చాలు. "కుట్టుపని మానేశానే, మా వాడు నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు" అని నువ్వూ వారం వారం కోతలు కోస్తావు కదా. మొన్న ఫ్యాను గాలికి నీ వెనక కర్టెన్ లేచింది. కుట్టుమిషనూ, దాని పక్కన నడుమెత్తు పేరుకున్న ఊళ్ళోవాళ్ళ బట్టలూ చూశాను. చూడనట్టే ఊరుకున్నాను.

వచ్చే ఆదివారం ఫోన్ తప్పకుండా తిప్పుతాను, ఒట్టు. కాకపోతే ముందు నువ్వు ఆ కర్టెన్ తియ్యి.

ఆ మూలలో కూర్చునే
నీ స్నేహితురాలు