రెండు చోట్ల గీత రాలేదు

ప్రియమైన నాన్నకి,

ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మే ఎత్తి "స్నానానికి వెళ్ళారే" అంటోంది. నలభై రోజులుగా నువ్వు స్నానాల గదిలోనే ఉన్నావు. అందుకే ఈ ఉత్తరం. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

నీ చేతిలోంచి స్టీరింగు లాగేసింది నేనేనని అన్నయ్య అంటున్నాడు. నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ మంగళవారం మీ డిపో నుంచి డ్రైవర్ల మూత్రం సీసాలు మా ల్యాబుకి వచ్చాయి. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఒక్కోదాంట్లో పట్టీ ముంచి చూడటం నా పని. పట్టీ మీద ఒక్కో మత్తుమందుకి ఒక్కో చోటు; ఆ మందు లేకపోతే అక్కడ గీత వస్తుంది, ఉంటే రాదు. ఏడో సీసాకి రెండు చోట్ల గీత రాలేదు. ఒకటి నొప్పి మాత్ర, రెండోది నిద్ర మాత్ర. నంబరు రాసుకుందామని సీసా తిప్పితే, సీలు కాగితం మీద నీ పొడి సంతకం. నా ప్రోగ్రెస్ కార్డుల మీద ఏళ్ళ తరబడి చూసిన సంతకాన్ని పోల్చుకోలేనా?

నీ నడుము నొప్పికి డాక్టరు చీటీ ఉంది. నిద్ర మాత్రలు మాత్రం అమ్మవి. ఆ రెండూ కలిస్తే ఒకదాని బలం ఇంకోటి పెంచుతుంది నాన్నా. కళ్ళు మూతపడటమే కాదు, ఊపిరే మందగిస్తుంది.

ఇంతవరకూ అన్నయ్యకి తెలుసు. తెలియనిది ఇది. నేను ఖాళీ సీసా ఒకటి తీసుకుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. నీ బదులు నాది పెడదామని. నింపాను కూడా. మూత బిగిస్తుంటే తట్టింది, ఇలా చేస్తే నీ ఉద్యోగం ఉంటుంది, ఆ మాత్రలూ ఉంటాయి. పారబోశాను.

బయటికొచ్చి పెద్ద మేడంతో, "ఏడో నంబరు మా నాన్నది. నేను చెయ్యకూడదు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "కూర్చోమ్మా, ముందు మంచినీళ్ళు తాగు. నేను చేస్తాలే" అంది. పట్టీ చెప్పిందే పెద్ద మిషనూ చెప్పింది. బాత్రూము సంగతి కూడా ఆవిడకి దాచలేదు. అప్పట్నుంచి నన్ను సీసాలు ముట్టుకోనివ్వడం లేదు, రిజిస్టరు రాస్తున్నాను.

నేను తప్పు చేశానని క్షమించమనడం లేదు. తిట్టు, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ చిన్నది

---

చిన్నమ్మకి నాన్న దీవెనలు.

నాకు రాయడం అలవాటు తప్పింది. అమ్మ పక్కన కూర్చుని ఒత్తులు దిద్దుతోంది.

నీ మీద కోపమని ఎవరన్నారే? మీ అన్నయ్యా? వాడికి తెలిసింది గోరంత, చెప్పేది కొండంత. ఆ రోజు పరీక్ష జాబితాలో అసలు నా పేరే లేదు. నేనే అడిగి ఇచ్చాను.

ముందురోజు స్టాపు దగ్గర నా కాలు బ్రేకు మీదకి ఆలస్యంగా వెళ్ళింది. డిపోలో నన్ను 'మెత్తబ్రేకు' అంటారు, నిండు గ్లాసు తొణక్కుండా ఆపుతానని. అలాంటిది బస్సు వెళ్ళి ఒకావిడ చేతిసంచికి తగిలి ఆగింది. సంచికే. ఆవిడ "కళ్ళు కనబడట్లేదా?" అని అరిచి వెళ్ళిపోయింది. చెబుదామని మేనేజరు గది దాకా వెళ్ళి, తిరిగొచ్చేశాను. మర్నాడు పరీక్షలవాళ్ళు వస్తే, "నాదీ తీసుకోండి" అన్నాను. నేను చెప్పలేనిది సీసా చెబుతుందిలే అనుకున్నాను.

అది నీ చేతికే వస్తుందని తట్టలేదు తల్లీ. కూతురి చేత ఎలాంటిది మోయించానా అని, సిగ్గుతో నీ గొంతు వినలేకపోయాను. అంతే. బాత్రూము సంగతి చదివి మీ అమ్మ ఏడ్చింది. ఇంకెప్పుడూ నాకోసం అలాంటి పని తలపెట్టకు. పారబోశావు, బతికించావు.

డాక్టరు నిద్ర మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాడు. కంటిమీద కునుకు రావడం కష్టంగానే ఉంది. నన్ను టైర్ల షెడ్డులో వేశారు. మళ్ళీ బస్సు ఇస్తారో లేదో చెప్పలేదు. ఇవ్వకపోయినా ఫరవాలేదని రాయమంటోంది మీ అమ్మ. నాకు అలా అనిపించడం లేదు, అందుకని రాయడం లేదు.

ఆదివారం రా. ఏ బస్సుకి వస్తావో చెప్పు, స్టాపులో నిలబడి ఉంటాను.

మీ నాన్న