ముందు లేచే మనిషి

అక్కా,

నీ జలుబు తగ్గిందా? మేం బాగానే ఉన్నాం, ఒక్క లేవడం దగ్గర తప్ప.

పెద్దాయన భక్తమండలి నుంచి బయటపడ్డవాళ్లం ఆదివారాలు కుట్టుమిషన్ల షాపు మేడమీద కలుస్తున్నాం కదా. ఆయన మమ్మల్ని ఎలా ఆడించాడో చెప్పుకుని తనివితీరా తిట్టుకుంటాం. చివర్లోనే చిక్కు. అక్కడ ఆయన లేస్తేగానీ ఎవరూ లేవకూడదుగా, ఆ అలవాటు పోలేదు. మాటలైపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం. పొయ్యి మీద కూర పెట్టి వచ్చానని గుర్తొచ్చి కూడా నేను కదల్లేకపోయాను. గిన్నె పనికిరాకుండా పోయింది.

అందుకని షాపుకి తాళాలేసే ఆయన్ని బతిమాలాం.

"మీరు కాసేపు మాతో కూర్చుని లేవండి, చాలు."

పాపం, మొహమాటపడుతూనే ఒప్పుకున్నాడు. కొన్ని వారాలు హాయిగా ఇళ్లకి వెళ్లాం.

పోయిన ఆదివారం తాళాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఎత్తు కుర్చీ అడిగాడు. ఇచ్చాం. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"తొందరేముంది, కూర్చోండి," అని తన నడుం నొప్పి గురించి మొదలుపెట్టాడు. అందరం తలలూపాం. మీ మరిదిగారైతే కళ్లు కూడా తుడుచుకున్నారు.

అక్కా, పెద్దాయన మాట్లాడుతుండగానే "నాకు ఆకలేస్తోంది" అని లేచి వెళ్లిపోయింది నువ్వొక్కదానివే. ఈ ఆదివారం ఒక్కసారి రా. ఏమీ చెప్పక్కర్లేదు. ఆకలేసినప్పుడు లేచి వెళ్లిపో. అందరం నీ వెనకే వచ్చేస్తాం.

మీ ఇంటిదాకా రావద్దని మాత్రం గుమ్మం దగ్గరే గట్టిగా చెప్పు.

నీ చెల్లెలు