రెక్కల తాత కొట్టిన ఐదు

గార్లదిన్నె

ప్రియమైన సుబ్బమ్మకు,

నువ్వు ఫోను ఎత్తవు గనక పాలబండి ఓబిలేష్ చేతికి ఈ జాబు ఇచ్చి పంపిస్తాండా. అక్షరాలు చూసి నవ్వాకు, ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టిన చెయ్యి ఇది.

మన నందినిని చూడను వచ్చినోళ్ళు గడప దాటబోతాంటే నేను కొనుక్కొచ్చిన ఫ్రాన్సు గడియారం టంగుటంగున ఐదు కొట్టింది. "ఆదివారం ఐదంటే రాహుకాలం కదప్పా!" అని పిల్లోని నాయన వీరభద్రయ్య కాలు ఎనక్కి తీసినాడు. సెల్లులో నాలుగే అయ్యిందని చూపించినా, శకునం చెడిందని కారెక్కినాడు. ముల్లు తిప్పింది నేనే, తమాషాకు. దానికే మీ అన్న ఇంటికి పోయి కూర్చుంటావా?

మోడం వస్తాది, పోతాది, చినుకు రాలదు. ఇంట్లో కూర్చోలేను, బయట తిరగలేను. గడియారం మీది బంగారు ముసలోడు, రెక్కలూ కొడవలీ ఉండే తాత, నన్నే చూస్తాండాడు. ఆయప్పే కాలమంట. ఎగిరిపోకుండా పక్కనుండే బొమ్మ పిల్లోడు కత్తెరతో రెక్కలు కత్తిరిస్తాండాడంట. అమ్మినోడు చెప్పినాడు.

నీ తిక్క మొగుడు
తిప్పేస్వామి

తాడిపత్రి

నందిని నాయనకు,

నీ యెకసెక్కాలకు హద్దు లేదా? సంబంధం తెచ్చిన మా అన్న, వాళ్ళ ముందర తలెత్తుకోలేకుండాడు. వచ్చే ఆదివారం మళ్ళీ పిల్చుకొస్తాడంట. ఈసారి ఆ యముణ్ణి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టు.

నందిని ఫోనులో ఊ, ఆ అంటాది, అంతే. అన్నం తింటాందా?

రామసుబ్బమ్మ

గార్లదిన్నె

ప్రియమైన కోపాల రాణికి,

తింటాందా అంటే కెలికి లేస్తాంది. నర్సింగు పుస్తకం ముందర పెట్టుకొని పొద్దంతా ఒకే పుట చూస్తాంది.

ఈ ఆదివారం వద్దని మీ అన్నకు చెప్పు. వాళ్ళు ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు తిప్పుతా. తిట్లు నాకే పడనీ, నాకు అలవాటే.

తిట్టినా నీవాడే,
తిప్పేస్వామి

తాడిపత్రి

ప్రియమైన నందిని నాయనకు,

పెండ్లయిన కాడ్నుంచి చూస్తాండా. ఎదుటోడు మోసపోకముందే నీకు నవ్వొస్తాది, నోరు మూసుకొని గోడచాటుకు పోతావు. ఆ పొద్దు గంట కొడితే వీరభద్రయ్య కన్నా నువ్వే బిత్తరపోయినావు. నందిని కండ్లు మూసుకొని గోడకానుకుంది. కోపంలో నాకు తట్టలేదు. నీ జాబు చదివినంక తట్టింది. ముల్లు తిప్పింది మన బిడ్డ. మీద ఏసుకున్యది నువ్వు.

నాకు చెప్పుకోలేక గడియారానికి చెప్పుకుందే బిడ్డ! పెండ్లొద్దు, చదువుకుంటా అంటే కొడతానా? కొడతానేమో.

ఆదివారం రావద్దని అన్నకు చెప్పేసినా. అన్నం ముందర్నుంచి లేసిపోయినాడు. పోనీ.

రేపు పొద్దున బస్సుకు వస్తాండా. నువ్వు సాయంత్రం దాకా యాడికన్నా పో. అది నా ముఖం చూసి 'వద్దమ్మా' అనాల. నేను వినాల.

నీ సుబ్బమ్మ