దండెం మీద ఆరేసిన రికార్డు

చిట్టీ, సాయంత్రం రేడియోలో వినిపించడానికి నువ్వు ఎంచుకున్న ఐదు కొత్త రికార్డుల్లో ఒకటి సబ్బు వాసనతో బట్టల దండెం మీద క్లిప్పుకు వేలాడుతూ కనిపించింది. అదే, ఆ ఎలక్ట్రానిక్ సంగీతానిది. మెత్తటి గుడ్డతో తుడిచి, వెళ్లేముందు ఒకసారి పెట్టి చూసుకో. తాతయ్యను అడిగితే "పిల్లి పనేమో" అన్నారు. మన పిల్లి సబ్బు ఎప్పటినుంచి వాడుతోంది?

ఆ చప్పుళ్లు నాకు అర్థం కావు గానీ, నీ గొంతు కోసం డ్యూటీలో రేడియో పెట్టుకుంటాను.
అమ్మ

తల్లీ, మీ అమ్మ వెళ్లాక రాస్తున్నాను. కడిగింది నేనే. కరకరమంటుంటే దుమ్మనుకున్నాను. రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు. ఇప్పుడు పూర్తిగా విన్నాక తెలిసింది, ఆ కరకరే పాట. రికార్డుకేం కాలేదు. నీ ఐదింటిలో నా ఓటు దానికే.
తాతయ్య